గుమ్మడి వడియాలు, అద్దాలు మూసిన కారు

అశోక్‌నగర్‌లో నేను అద్దెకున్న గది మేడ మీద ఉండేది. ఇంటివాళ్లు దాన్ని పెంట్‌హౌస్ అనేవారు. అద్దె ఇచ్చే రోజున తప్ప మిగతా రోజుల్లో నేనూ కాదనేవాణ్ణి కాదు. పైన సిమెంటు రేకులు, పడమరకి ఒక్క కిటికీ. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అక్కడ పడుకుంటే నిద్ర పట్టిందో స్పృహ తప్పిందో లేచాక గాని తెలిసేది కాదు. ఫ్యాను ఈ మూల వేడిని ఆ మూలకి, ఆ మూల వేడిని ఈ మూలకి మర్యాదగా మోసేది. కళ్లు మూసుకుంటే చిక్కడపల్లి రోడ్డు మీది బస్సుల హారన్లు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుండేవి. పక్క హాస్టల్లో ఎవరో రాజ్యాంగ అధికరణాలు వల్లెవేసే గొంతు, కింద కుళాయి దగ్గర బిందె అంచు మోగడం, ఇంకెక్కడో కుక్కర్ విజిల్, అన్నీ వచ్చి ఒకే కలలో సర్దుకుని కూర్చునేవి. రెండువేల తొమ్మిది మొదలు కొన్ని వేసవులు అలా ఆ కలలోనే గడిపాను.

నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. తెలుగుకి పీరియడ్లు తక్కువ. పర్యావరణం అని ఒక పేపర్ ఉండేది. డిగ్రీ చదివే ప్రతి ఒక్కరూ అది పాసవ్వాలి గాని, అది ఎవరు చెప్పాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. అందుకని ఖాళీగా కనిపించినవాడికి ఇచ్చేవారు. ఆ ఏడు వరండాలో నేను కనిపించాను. ప్రిన్సిపాల్ పుస్తకం నా చేతిలో పెట్టి, "ఏముందండీ, చెట్లు, నీళ్లు, గాలి. మీ కవులు చెప్పేవే కదా" అన్నారు.

మా కవులు చెప్పనిది ఒకటుంది అందులో. భూమి వేడెక్కుతోందని. ఎందుకో మొదట నేను నేర్చుకుని, తర్వాత పిల్లలకి చెప్పేవాణ్ణి. ఎండ నేల మీద పడుతుంది. నేల వేడెక్కి ఆ వేడిని తిరిగి పైకి పంపుతుంది. గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువు లాంటివి కొంత వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఆ మాత్రం పట్టి ఉంచకపోతే భూమి మంచుగడ్డే. అంటే అదొక దుప్పటి. దుప్పటి ఉండడం తప్పు కాదు. మనం తరాలుగా బొగ్గు, పెట్రోలు కాలుస్తూ, అడవులు కొట్టేస్తూ దాని మీద ఇంకో దుప్పటి, ఇంకో దుప్పటి కప్పుతున్నాం. అదీ గొడవ.

ఇంత చక్కగా చెప్పాక చివరి బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, ఎండకాలం దుప్పటి ఎవరు కప్పుకుంటరు సార్?"

న్యాయమే. మర్నాటి నుంచి దుప్పటి మానేసి కారు ఎత్తుకున్నాను. అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు. వెలుగు లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు, తలుపు తీసి కూర్చోబోతే సీటు మనల్నే లేపేస్తుంది. ఇది అందరికీ అర్థమైంది. స్టాఫ్‌రూమ్‌లో ఫిజిక్సాయన మాత్రం ఒప్పుకోలేదు. కారు వేడెక్కేది ముఖ్యంగా లోపలి గాలి బయటికి పోలేక, ఆకాశంలో జరిగేది అది కాదు, ఆ పోలిక సగమే నిజం అన్నాడు. నేను తెలుగువాణ్ణి. సగం నిజమైన పోలిక దొరికితే పండగ చేసుకునే శాఖ మాది.

ఆ కారు నాకు ఇంట్లోనే దొరికింది. ఇంటాయన్ని బాబాయిగారూ అనేవాణ్ణి. బషీర్‌బాగ్‌లో ఆఫీసు, బస్సులో వెళ్లి బస్సులో వచ్చేవారు. ఆయన చిన్న తెల్లకారు గేటు లోపల బూడిదరంగు కవరు కింద ఉండేది. ఆదివారం కవరు తీసి, తుడిచి, ఒకసారి స్టార్ట్ చేసి, ఆ శబ్దం కాసేపు విని, మళ్లీ కప్పేవారు. మా పేట మొత్తం మీద పర్యావరణానికి అంత మేలు చేసిన వాహనం మరొకటి ఉండి ఉండదు.

ఇంటావిడ పిన్నిగారు. కృష్ణా జిల్లాలో సముద్రం వైపు ఊరు. పెళ్లై ఇక్కడికొచ్చి తరం గడిచినా ఆవిడ మాటా మారలేదు, గుమ్మడి వడియాలూ మారలేదు. వేయిస్తే పువ్వులా విచ్చుకుని, నోట్లో వేసుకుంటే మాట్లాడుతున్న మనిషి మాట ఆపే వడియాలు అవి. పప్పులోకి ఆవిడ నాలుగు పంపిన రోజు నేను మధ్యాహ్నం కాలేజీకి ఆలస్యంగా వెళ్లేవాణ్ణి.

ఆ ఏడు చిక్కడపల్లిలో పచ్చళ్లూ పొడులూ అమ్మే ఒక షాపాయన ఎవరింట్లోనో ఆ వడియం తిన్నాడు. తిని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ముందు కొంచెం ఇమ్మన్నాడు. అది బాగుంటే పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడు. పెద్ద ఆర్డరు గనక వేళకి, సరిగ్గా ఎండి చేరితే, ప్రతి వేసవీ ఆవిడ దగ్గరే తీసుకుంటానన్నాడు. ఇంతవరకు వ్యాపారం. గుమ్మం దిగుతూ ఆయన ఇంకో మాట అన్నాడు.

"పొట్లం మీద మీ పేరే వేయిస్తానమ్మా."

పిన్నిగారు ఆ పూట కూరలో ఉప్పు వేయడం మర్చిపోయారు. ఇల్లు బాబాయిగారి పేరు మీద ఉంది. కారు ఆయన పేరు. గ్యాసు కనెక్షనూ, కరెంటు బిల్లూ ఆయన పేరే. ఆవిడ పేరు చివరిసారి అచ్చులో పడింది పెళ్లి శుభలేఖ మీద. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కాకపోతే ఖాళీ పొట్లం ఒకటి చేత్తో పట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూస్తూ నిలబడ్డం మెట్ల మీంచి చూశాను.

బాబాయిగారికి ఇది నచ్చలేదు. వద్దనలేదు గాని, "ఈ ఎండల్లో ఎందుకీ గోల" అన్నారు. అంతటితో ఆగక ఒక సహాయ నిరాకరణ కూడా మొదలుపెట్టారు. దానికి గుమ్మడికాయే ఆయుధం.

బూడిద గుమ్మడికాయకి మొదటి కోత మగవాడే పెట్టాలి. ఆడవాళ్లు పెట్టకూడదు. ఎందుకని అడిగితే, పెట్టకూడదంతే. రెండు చెక్కలయ్యాక ఎన్ని ముక్కలైనా ఆడవాళ్లే తరగవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ మొదటి కోత వేళకి బాబాయిగారికి నడుం పట్టేసేది. అందుకని పిన్నిగారు కాయ చంకనెత్తుకుని, కత్తిపీట రెండో చేత్తో పట్టుకుని మేడెక్కి నా దగ్గరికొచ్చేవారు.

ఇందులో ఒక చిక్కుంది. కాయ కోసేది సాయంత్రం. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి, మీద బరువు పెట్టి ఉంచితే తెల్లారేసరికి నీళ్లన్నీ దిగిపోతాయి. మినప్పప్పు కూడా అప్పుడే నానబెట్టాలి. పొద్దున్నే పిండి రుబ్బి, ముక్కలు కలిపి, తడి పంచెల మీద వడియాలు పెట్టేస్తారు. అక్కణ్ణించి మూడు నాలుగు రోజులు ఎండ మండాలి. అంటే కాయ కోసిన క్షణాన రాబోయే నాలుగు రోజుల ఆకాశానికీ మనం జవాబుదారీ. మరి కోసేవాణ్ణి నేను. పైగా పర్యావరణం మాస్టారిని.

"మాస్టారూ, రేపు ఎండ కాస్తుందా?" కాయ నా ముందు పెట్టి అడిగారు మొదటిసారి.

"పిన్నిగారూ, రేపటి సంగతి నా పాఠంలో లేదండీ. ఏళ్ల తరబడి ఎండలూ వానలూ కలిపి చూస్తే కాలం ఎటు పోతోందో, అది నా పాఠం."

"అంటే ముప్ఫై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్తారు. రేపు ఎలా ఉంటుందో చెప్పరు."

"ఇంచుమించు అంతేనండి."

పిట్టగోడ అవతల మేడ మీద బట్టలు తీస్తున్న పక్కింటి అక్క పకపకా నవ్వింది. వాళ్ల కుటుంబం తాతల నాటి నుంచీ ఆ వీధిలోనే. "గట్లనే ఉంటది అక్కా. మా మరిది గూడ అంతే. రిటైరైనంక ఏం చేస్తడో అన్ని చెప్తడు, పొద్దుగాల పాల పాకెట్ తెస్తడా తేడా అంటే చెప్పడు."

నేను ఇంకో పోలిక ప్రయత్నించాను. "బాబాయిగారి స్వభావం మీకు తెలుసు కదండీ. కానీ రేపు పొద్దున కాఫీ బాగుందంటారో లేదో చెప్పగలరా?"

"అనరు," అన్నారు పిన్నిగారు తడుముకోకుండా.

"అది స్వభావం. ఎప్పుడైనా పొరపాటున అంటారు చూడండి, అది ఆ పూట మబ్బు. మబ్బు సంగతి నాకు తెలీదు. స్వభావం మారుతోందని మాత్రం చెప్తున్నారు."

"మారుతోందా!" అని కిందికి, కవరు కప్పిన కారు వైపు ఆశగా చూశారు. నేను భూమి గురించి అంటున్నానని చెప్పి ఆవిడ ఆశ చెరపడం ఇష్టంలేక కత్తిపీట ముందు కూర్చున్నాను. కాయ రెండు చెక్కలైంది. లోపల తెల్లటి గుజ్జు, గింజలు, చల్లటి వాసన. ఆ వాసనకి వేడి గది కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకున్నట్టనిపించింది.

ఆ నాలుగు రోజులూ ఎండ దంచికొట్టింది. వడియాలు గలగలలాడాయి. షాపాయన మెచ్చి పెద్ద ఆర్డరు ఇచ్చాడు. నా కత్తి పడితే వాన పడదని వీధిలో ఒక మాట పుట్టింది. మేడకి సున్నం వేయించాలా, పెళ్లికి షామియానా చాలా, రేకుల పందిరి కావాలా అని నన్నాపి అడిగేవారు. ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో రేపు బంద్ ఉందో లేదో వీధిలో ఎవర్నడిగినా చెప్పేవారు. వాన ఒక్కటే నా శాఖ. నేను ఆకాశం వైపు చూసి తలూపేవాణ్ణి. ఎటు ఊపానో నాకే సరిగ్గా తెలిసేది కాదు.

పెద్ద ఆర్డరు ఏప్రిల్ నెలాఖరున, భరణి కార్తెలో పడింది. శనివారానికి చేరాలి. ఈసారి పిన్నిగారు నన్ను అడగను కూడా లేదు. "మా అమ్మ భరణిలోనే పెట్టేది. భరణి ఎండకి బండలు పగులుతాయంటారు, వడియాలో లెక్కా?" అంటూ కాయలు వరసగా పేర్చారు. నేను వరసగా కోశాను.

మర్నాడు పొద్దున మేడ చూడాలి. ఇంట్లో ఉన్న పాత పంచెలన్నీ తడిపి పరిచారు. పక్కింటి అక్క పిట్టగోడ దాటొచ్చి కూర్చుంది. ఇద్దరూ వేళ్లతో పిండి తీసి ఒక్కొక్కటీ పెడుతుంటే, మాటా మాటా మధ్య మేడంతా నిండిపోయింది. పొద్దెక్కేకొద్దీ ఆ తెల్లటి చుక్కలు ఎండలో వణికినట్టు కనిపించాయి. ఎవరో ఆకాశం దించి, చుక్కలు ఊడకుండా మా మేడ మీద ఆరేసినట్టుంది. నా ఉద్యోగం కాకుల్ని తోలడం. గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతిలో పొడుగాటి కర్రతో, కాకి వస్తే కలలోంచి అదిలించి మళ్లీ కలలోకి వెళ్లిపోయేవాణ్ణి. వేసవి సెలవులు. అంతకన్నా పెద్ద పదవి నాకు ఆ తర్వాత రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం వెలుగు పసుపుపచ్చగా మారింది. హాస్టల్లో వల్లెవేసే గొంతు ఆగింది. లోయర్ ట్యాంక్‌బండ్ వైపు నుంచి దుమ్ము లేచి, గాంధీనగర్ మేడల మీది బట్టలన్నీ ఒకేసారి చేతులెత్తేశాయి. ఇదంతా కలలో భాగమే అనుకుని చూస్తూ కూర్చున్నాను.

"సారు! ఏంది సారు గట్ల జూస్తున్నరు, పంచె గుంజుండ్రి!" పక్కింటి అక్క గోడ దూకింది.

పిన్నిగారు మెట్లెక్కేసరికి మొదటి చినుకు పడింది. చినుకు వెనకాలే వడగళ్లు. నా గది రేకుల మీద డోలు వాయించినట్టు మోత. ముగ్గురం పంచెల కొసలు పట్టుకుని, వడియాలతో సహా ఎత్తి, గదిలోకీ మెట్ల మీదికీ లాగాం. సగం తడిశాయి. నా మంచం మీదా, పుస్తకాల మీదా, ఆఖరికి పర్యావరణం పుస్తకం మీద కూడా వడియాలే. పంచెలు విప్పి చూస్తే వడియాల మధ్యలో వడగళ్లు. అంతే సైజు, అంతే తెలుపు. చల్లగా తగిలింది తీసి బయటికి విసరడం, మెత్తగా తగిలింది ఉంచడం.

"మాస్టారూ, ఈ వాన మీ పాఠంలోదేనా?" అన్నారు పిన్నిగారు, చెయ్యి ఆపకుండా.

అవునంటే నా పాఠానికి గౌరవం. కానీ నిజం అది కాదు. "ఒక్క వాన మీద నేరం మోపలేమండీ. ఎండాకాలం వానలు ముందు నుంచీ ఉన్నవే."

"భరణి కురిస్తె ధరణి పండును అంటరు గద మా దిక్కు," అంది అక్క.

"అదే. కాకపోతే, గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ తేమ మోస్తుంది. పడినప్పుడు కుమ్మరిస్తుంది, పడనప్పుడు ఎండగొడుతుంది. మొత్తం మీద వానలకీ ఎండలకీ పాత అదను తప్పుతుందని శాస్త్రవేత్తలు చెప్పగలరు. ఈ వాన అందువల్లేనా అంటే చెప్పలేరు."

"దొంగ ఊళ్లో తిరుగుతున్నాడని తెలుసు. మన చెంబు వాడే ఎత్తుకెళ్లాడని తెలీదు."

"అంతేనండి."

ఆవిడ ఇంకో వడగల్లు తీసి కిటికీలోంచి విసిరారు. "నా చిన్నప్పుడు సముద్రం చూడాలంటే సరుగుడు తోట దాటి నడవాలి. కాళ్లు కాలేవి. మొన్న మా తమ్ముడు ఫోన్లో అన్నాడు, ఇప్పుడు తోట లేదట, అరుగు మీద కూర్చుంటే కనిపిస్తుందట. అదీ ఆ దొంగ పనేనా?"

"కొంత వాడి పని ఉంటుందండీ. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. పైన మంచుకొండలు కరిగి ఆ నీళ్లూ వచ్చి చేరతాయి. ఒడ్డు కోతకి వేరే కారణాలు కూడా ఉంటాయి."

"మీ పాఠంలో ఏదీ పూర్తిగా ఒకడి పని కాదు కదా," అన్నారు. అది ఫిర్యాదో మెచ్చుకోలో తెలీలేదు. బయట వాన పడుతూనే ఉంది.

ఆ మర్నాడు వాన పూర్తిగా రాలేదు, పూర్తిగా పోలేదు. కాసేపు కళ్లు చెదిరే ఎండ, అంతలో మబ్బు, నాలుగు చినుకులు, మళ్లీ ఎండ. మేడ మీద పెట్టడానికి ధైర్యం లేదు. హాల్లో ఫ్యాను కింద పరిస్తే పైపైన ఆరి లోపల మెత్తగానే ఉండిపోయాయి. సాయంత్రానికి సన్నగా పులుపు వాసన మొదలైంది. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే బూజు పడతాయి. షాపాయన ఫోన్ చేసి, శనివారం గుర్తుందా అన్నాడు. మొదటి పెద్ద సరుకే చెడితే రెండోది అడగడని అందరికీ తెలుసు. పిన్నిగారు ఒక వడియం తీసి నొక్కి చూసి, ఎవరితోనూ కాకుండా అన్నారు.

"నా పేరు అచ్చురాదు కాబోలు."

మర్నాడు పొద్దున్నే నేను మెట్లు దిగుతుంటే పిన్నిగారు ఆపారు. బాబాయిగారికి ఆ రోజు సెలవు. వరండాలో పేపర్ చదువుతున్నారు. పక్కింటి అక్క గేటు దగ్గర ఉంది.

"మాస్టారూ, మీరు పిల్లలకి కారు గురించి ఏదో చెప్తారుగా. ఒకసారి చెప్పండి."

చెప్పాను. అద్దాలు మూసి ఎండలో పెడితే వెలుగు లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. ఫిజిక్సాయన అభ్యంతరం కూడా నిజాయితీగా చెప్పాను.

"ఆయన సంగతి వదిలెయ్యండి. లోపల బయటి కన్నా వేడి."

"చాలా వేడండీ."

"చినుకు పడితే లోపలికి రాదు."

"రాదండి."

"ఇగ ఏంది మరి!" అంది పక్కింటి అక్క.

పాఠం చెప్పినంతకాలం ఆ కారు నాకు పోలికే. దాని తలుపు తీసి లోపల ఏదైనా పెట్టవచ్చని తట్టనే లేదు. అందరం బూడిదరంగు కవరు వైపు చూశాం. వరండాలో పేపర్ మెల్లగా కిందికి దిగింది.

"నా కార్లోనా?"

"వీధిలో అడిగితే ఎవరిస్తారు?" అన్నారు పిన్నిగారు.

"సీట్లకి ఇంగువ వాసన పట్టేస్తుంది!"

"కొన్నప్పటి నుంచీ ఆ కార్లో నేనెక్కడికెళ్లాను? నేనెలాగూ ఎక్కలేదు. నా వడియాలన్నా ఎక్కనివ్వండి."

బాబాయిగారు పేపర్ మడిచారు. ఇంకోసారి మడిచారు. ఇక మడవడానికి పేపర్ చాలక లేచి లోపలికెళ్లారు. నేను మేడెక్కిపోదామా అనుకుంటుండగా తాళాలతో బయటికొచ్చారు. కవరు తీసి, ఆదివారం కాకపోయినా తుడిచి, స్టార్ట్ చేసి, గేటు ముందు ఎండ పడే చోట పెట్టారు. పళ్లేలూ చేటలూ సీట్ల మీద, సీట్ల కింద, స్టీరింగ్ ముందు, వెనక అద్దం దగ్గర. కారు నిండా వడియాలు కూర్చుని ఎక్కడికో ప్రయాణం కట్టినట్టుంది.

మొదటి గంట తర్వాత అద్దాలన్నీ లోపలి వైపు ఆవిరి పట్టి తెల్లబడ్డాయి. వేడి పోకుండా ఉండడమే నా పాఠం, తేమ పోవడం నా పాఠంలో లేదు. బాబాయిగారే గుడ్డ తెచ్చి లోపల తుడిచారు. "గాలికి దారుండాలయ్యా" అని అద్దాలు వేలెడంత దించారు. చినుకు పడితే ఆయనే గొడుగుతో పరిగెత్తి అద్దాలు ఎక్కించారు. ఎండ వస్తే దించారు. ఇంటి నీడ జరిగితే కారు జరిపారు. వడియాలు ఎండేదాకా ఆ కారు చేసిన ప్రయాణమంతా గేటు నుంచి పక్కింటివాళ్ల గోడ దాకా. నడుం నొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు.

పోటీ పరీక్షలకి చదువుకోవడానికి లైబ్రరీకి వెళ్లే కుర్రాళ్లు ఆగి చూసేవారు. "ఏందన్నా ఇది?" అని ఒకడు నన్నడిగాడు.

"గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్," అన్నాను. "సిలబస్‌లో ఉంది." వాడు భక్తిగా తలూపి, పెన్ను తీయబోయి మానేశాడు.

మధ్యాహ్నం వడియాలు తిరగేసే పని నాకు పడింది. ముందు సీట్లో పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుని తలుపు వేసుకున్నాను. వీధి శబ్దాలు ఒక్కసారి దూరమయ్యాయి. ఇంగువ, జీలకర్ర, ఉప్పు, పాత సీటు రెగ్జిన్ వాసన కలిసి వేడిలో ఊగుతున్నాయి. అద్దం అవతల పక్కింటి అక్క ఏదో అంటోంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఎండ నిశ్శబ్దంగా లోపలికొస్తోంది, వచ్చిన ఎండ వెళ్లడం లేదు. చెమట కళ్లలోకి దిగుతుంటే మొదటిసారి ఆ పాఠం నాకు వంటికి తెలిసింది. ఇన్నాళ్లూ పిల్లలకి చెప్పిన భూమి ఇదే కదా అనిపించింది. అందులో వరి మళ్లున్నాయి, సరుగుడు తోటలున్నాయి, మా అశోక్‌నగర్ ఉంది, ఎవరి పళ్లెం వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. దానికీ దీనికీ ఒకటే తేడా. భూమికి వేలెడంత దించుకోవడానికి అద్దం లేదు. తలుపు పిడి కూడా లేదు. ఇంకా ఏదో గొప్పగా తోచబోతుండగా బాబాయిగారు అద్దం మీద తట్టి, "నిద్రపోతున్నావా, ఆ పళ్లెంలోవి తిరగెయ్యి" అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఎండ నిలబడింది. సాయంత్రం పిన్నిగారు ఒక వడియం తీసి చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టారు. ఆ చప్పుడు నాకు వినిపించలేదు. ఆవిడ మొహంలో కనిపించింది.

శనివారం వడియాల డబ్బాలు కార్లోనే చిక్కడపల్లి వెళ్లాయి. వాటితోపాటు ముందు సీట్లో పిన్నిగారు. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడిచి వెళ్లడమే తేలిక. అయినా ఆ రోజు బాబాయిగారు ఎందుకో నారాయణగూడ మీదుగా తిప్పి తీసుకెళ్లారు.

షాపాయన కొన్ని నల్లబడ్డాయని ఏరి పక్కన పెట్టాడట. మిగతావాటిలో ఒకటి లోపల వేయించి తెప్పించుకుని తిన్నాడట. తింటూ మాట్లాడుతున్నవాడు మాట ఆపాడట. అది చాలు.

కారుకి వాసన పట్టింది. బాబాయిగారు భయపడ్డంత కన్నా బాగా పట్టింది. కడిగారు, అగరుబత్తి పెట్టారు, వేపాకు పెట్టారు. వానాకాలం తగ్గినట్టే తగ్గి, మళ్లీ ఎండలు రాగానే తలుపు తీస్తే గుప్పుమనేది. వడియాలు ఎప్పుడో ఎవరో తినేశారు, వాసన మాత్రం అక్కడే ఉంది. ఇది కూడా పాఠంలోకి ఎక్కించాను. పొగ వదిలినవాళ్లు పోయాక కూడా అది గాలిలో అలాగే ఉండి తరాల పాటు వేడిని పట్టి ఉంచుతుంది, ఇవాళ వదలడం మానేసినా ఇవాళే పోదు అని. ఫిజిక్సాయన ఈ పోలికకి అభ్యంతరం చెప్పలేదు. బహుశా అలసిపోయి ఉంటాడు.

మరుసటి ఏడు పిన్నిగారు భరణి దాకా ఆగలేదు. మాఘమాసంలోనే, పొద్దున్నే ఇంకా చలి వదలకుండానే, కాయలు తెప్పించారు. ఎండ మెత్తన, రెండు రోజులు ఎక్కువ పడతాయి, పట్టనివ్వండి అన్నారు. వాళ్లమ్మ నుంచి వచ్చిన అదనుని ఆవిడ ఏ సభా పెట్టకుండా రెండు నెలలు ముందుకి జరిపేశారు. నేను మామూలుగా కత్తిపీట కోసం చూశాను. అది అప్పటికే వరండాలో ఉంది. బాబాయిగారు కూర్చుని కాయకి మొదటి కోత పెడుతున్నారు.

"మరి రేపు ఎండ కాస్తుందా అని నన్నడగరా?" అన్నాను.

"రేపటి సంగతి మేం చూసుకుంటాం లెండి," అన్నారు పిన్నిగారు. "మీరు ఆ ముప్ఫై ఏళ్ల సంగతి చూడండి. అది చూసేవాళ్లు తక్కువ."

నేను ఆ ఇల్లు ఖాళీ చేసింది రెండువేల పద్నాలుగులో. వెళ్లేముందు ఆవిడ ఒక వడియాల పొట్లం ఇచ్చారు. పైన ఎర్ర అక్షరాలతో ఆవిడ పేరు, ముందూ వెనకా. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. చిక్కడపల్లిలో, ఎండలు ముదరకముందే వెళ్తే, పొట్లం మీద చదువుకోవచ్చు.